110 వోల్టుల డీసీ ఛార్జర్‌లో లో, హై అలారాలు ఎన్ని వోల్టుల దగ్గర పెట్టాలి?

ప్రశ్న పెద్దది కాబట్టి ముందు దాన్ని కుదించి చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు అర్థమవుతుంది. కడప వైపు ఒక సిమెంటు ప్లాంటులో 33 కేవీ సబ్‌స్టేషన్. 110 వోల్టుల డీసీ, 55 వీఆర్‌ఎల్‌ఏ సెల్స్ (నీళ్లు పోయక్కర్లేని, మూసి ఉండే లెడ్ యాసిడ్ రకం), 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీ సామర్థ్యం), రెండు ఛార్జర్లు, నిత్యం ఉండే లోడ్ సుమారు 8 ఆంపియర్లు. బ్యాటరీకీ లోడ్ బస్‌కీ (లోడ్లన్నిటికీ డీసీ పంచే లైను) మధ్య వోల్టేజీని కాస్త తగ్గించే డ్రాపర్ డయోడ్లు ఉన్నాయి. కొత్త ఛార్జర్లు వచ్చినప్పుడే లో అలారం 99 వోల్టులకు, హై అలారం 121కి పెట్టి ఉన్నాయి. ఫ్లోట్, అంటే నిండిన బ్యాటరీని ఛార్జర్ నిత్యం ఉంచే వోల్టేజీ, 123.8. హై అలారం ఆగకుండా మోగుతుంటే షిఫ్టువాళ్లు హూటర్ వైరు తీసేశారు. "హై అలారాన్ని 125కి పెంచితే సరిపోతుందా? లో ఎలాగూ మోగడం లేదు కాబట్టి దాన్ని అలాగే ఉంచొచ్చా? ప్లాంటు ఆపకుండా ఈ పని చేయొచ్చా?" ఇవీ మీరు అడిగినవి.

సూటిగా చెబుతాను. 125 చాలదు, చలికాలంలో మళ్లీ మోగుతుంది. 99ని మాత్రం అలాగే ఉంచకండి. మీ ప్రశ్నలో నాకు భయం కలిగించిన అంకె అదే. ప్లాంటు నడుస్తుండగానే పని చేయొచ్చు, కానీ ఒక్కచోట బాగా జాగ్రత్తపడాలి. అది చివర్లో చెబుతాను.

ఈ 99, 121 ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 110లో పది శాతం తీస్తే 99, పది శాతం కలిపితే 121. తయారీదారుకి మీ దగ్గర ఎన్ని సెల్స్ ఉన్నాయో, అవి ఏ రకమో తెలియనప్పుడు ఇలా పేరుకి ఒక అంకె పెట్టి పంపుతారు. కానీ 110 అనేది సిస్టమ్‌కి పెట్టిన పేరు. మీ బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఏ రోజూ 110 దగ్గర కూర్చోదు. అది బతికేది సెల్ లెక్కన. అందుకే అలారం పెట్టేటప్పుడు మొదట చేయాల్సిన పని ప్రతి అంకెనీ 55తో భాగించడం.

123.8ని 55తో భాగిస్తే 2.25. వీఆర్‌ఎల్‌ఏకి 27 డిగ్రీల దగ్గర ఇది సరైన ఫ్లోట్. 121ని భాగిస్తే 2.20. అంటే మీ హై అలారం ఫ్లోట్ కన్నా కిందే ఉంది, మోగక ఏం చేస్తుంది? 99ని భాగిస్తే 1.80. పది గంటల లెక్కన డిశ్చార్జ్ చేసినా బ్యాటరీ దాదాపు ఖాళీ అయిందని ఒప్పుకునే స్థాయి అది. మీ లోడ్ 8 ఆంపియర్లే కాబట్టి డిశ్చార్జ్ ఇంకా నెమ్మదిగా సాగుతుంది. అంత తేలిక లోడ్ మీద 1.80కి వచ్చిందంటే లోపల మిగిలింది చాలా తక్కువ. పైగా చివర్లో వోల్టేజీ నెమ్మదిగా దిగదు, జారిపోతుంది. ఛార్జర్ ఆగిపోయి ఎన్నో గంటలు గడిచి, బ్యాటరీ మొత్తం ఖర్చయిపోయాక 99 దగ్గర హూటర్ మోగితే, ఏరు ఊళ్లోకి వచ్చాక దండోరా వేసినట్టే.

ఇప్పుడు లోడ్ వైపు నుంచి చూడండి. అప్పుడు 99 ఇంకా తప్పుగా కనిపిస్తుంది. బ్రేకర్ల ప్రమాణాల ప్రకారం బ్రేకర్‌ని మూసే క్లోజింగ్ కాయిల్ 85 నుంచి 110 శాతం దాకా, తెరిచే డీసీ ట్రిప్ కాయిల్ 70 నుంచి 110 శాతం దాకా పనిచేయాలి. 110 వోల్టుల మీద లెక్కేస్తే క్లోజింగ్‌కి కనీసం 93.5, ట్రిప్‌కి కనీసం 77. అయితే ఈ వోల్టేజీ కాయిల్ టెర్మినల్ దగ్గర ఉండాలి, బ్యాటరీ దగ్గర ఉంటే చాలదు. మధ్యలో కేబుల్ ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి కిలోమీటరుకి సుమారు 7.4 ఓమ్‌ల నిరోధం. మీ దూరపు ప్యానెల్ వంద మీటర్లలో ఉందనుకుంటే, పోనూ రానూ రెండొందల మీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర ఓమ్. కాయిల్ 4 ఆంపియర్లు లాగితే దగ్గర దగ్గర 6 వోల్టులు దారిలోనే పోతాయి. 93.5కి 6 కలపండి, 99.5. డ్రాపర్ ఇంకా సర్క్యూట్‌లో ఉంటే మరో 3 వోల్టులు, 102.5.

అంటే మీ 99 వోల్టుల అలారం మోగేసరికే ఆ దూరపు బ్రేకర్ క్లోజ్ అవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ట్రిప్‌కి ఇంకా కొంత సందు ఉంటుంది, నిజమే. కానీ ఆ స్థితిలో బ్యాటరీకి వోల్టేజీ నిలబెట్టే సత్తువ ఉండదు. కాయిల్ లాగిన ఆ ఒక్క క్షణంలోనే ఎంత పడిపోతుందో చెప్పలేం. మీ కేబుల్ పొడవు, కాయిల్ కరెంటు నేను ఊహించి వేశాను. మీ డ్రాయింగ్ తీసి అన్నిటికన్నా దూరంగా ఉన్న బ్రేకర్‌కి ఇదే లెక్క మీరు వేసుకోండి.

ఇక నేను పెట్టే అంకెలు. ఒక్క లో అలారంతో నేను ఎప్పుడూ సరిపెట్టుకోను. మూడు కావాలి, ఒక్కోటి ఒక్కో మాట చెప్పాలి.

మొదటిది "ఛార్జర్ పని చేయడం లేదు, లోడ్ బ్యాటరీ మీద నడుస్తోంది" అని చెప్పాలి. అన్నిటికన్నా విలువైన అలారం ఇదే, ఎందుకంటే అది మోగినప్పుడు మీ చేతిలో ఇంకా బ్యాటరీ మొత్తం ఉంటుంది. ఇది ఫ్లోట్‌కి కింద, కానీ లోడ్ మీదకి వచ్చిన బ్యాటరీ వోల్టేజీకి పైన ఉండాలి. నిండుగా ఉన్న వీఆర్‌ఎల్‌ఏ సెల్‌ని ఏ లోడూ లేకుండా వదిలేస్తే 2.14, 2.15 దగ్గర నిలుస్తుంది. 55 సెల్స్‌కి సుమారు 118. మీ 8 ఆంపియర్ల లోడ్ మీదకి వచ్చాక కాసేపట్లోనే 115 చుట్టుపక్కలకి దిగుతుంది. కాబట్టి 117 పెట్టండి.

నేరుగా 120 పెట్టకుండా 117 దాకా ఎందుకు దిగానంటే, వేసవి ఉంది. మీ కొత్త ఛార్జర్‌లో టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉందని రాశారు. అది సాధారణంగా సెల్‌కి, డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున ఫ్లోట్‌ని తగ్గిస్తుంది. మీ బ్యాటరీ గదికి ఎయిర్ కండిషనర్ లేదు. మే నెలలో గది 45 డిగ్రీలకి పోతే 27కి పైన 18 డిగ్రీలు. పద్దెనిమిదిని మూడుతో, యాభైఐదుతో గుణిస్తే 2.97 వోల్టులు. అంటే మీ ఫ్లోట్ దానంతట అదే 120.8కి దిగుతుంది. ఛార్జర్ రెగ్యులేషన్ ఒక శాతం తీసేస్తే 119.6. ఇది మంచి ఛార్జర్, మంచి బ్యాటరీ, ఎక్కడా లోపం లేదు. 120 పెట్టుంటే మండుటెండలో రోజూ మధ్యాహ్నం అలారం మోగి, మళ్లీ ఎవరో ఒకరు వైరు తీసేస్తారు. తప్పుడు అలారం వల్ల జరిగే పెద్ద నష్టం ఇదే: మనుషులకి దాని మీద నమ్మకం పోతుంది. పోయాక తిరిగి తేవడం చాలా కష్టం.

రెండో లో అలారం "ఇప్పుడు ఎవరో ఒకరు బయల్దేరాలి" అని చెప్పాలి. దీనికి పుస్తకంలో అంకె ఉండదు, మీ ప్లాంటుని బట్టి లెక్కేసుకోవాలి. ఆదివారం అర్ధరాత్రి అలారం వస్తే ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది? ఛార్జర్ బాగుకాకపోతే స్పేర్ తెచ్చి పెట్టడానికో, జనరేటర్ నుంచి సప్లై ఇవ్వడానికో ఇంకెంత? మొత్తం నాలుగు గంటలు అనుకుంటే, 8 ఆంపియర్ల లెక్కన 32 ఏహెచ్ చేతిలో మిగిలి ఉండగా అలారం రావాలి. పాత బ్యాటరీ అయితే ఆ 32ని 45 అనుకోండి. బ్యాటరీ కంపెనీ ఇచ్చిన డిశ్చార్జ్ కర్వ్‌లో మీ లోడ్‌కి దగ్గరి గీత చూసి, అంత మిగిలినప్పుడు సెల్ వోల్టేజీ ఎంత ఉందో చదవండి. మొదట్లో 107 దగ్గర, అంటే సెల్‌కి 1.95కి కాస్త కింద పెట్టుకుని, డిశ్చార్జ్ పరీక్ష చేశాక సవరించుకోండి.

మూడోది "ఇక బ్రేకర్ల మీద భరోసా లేదు" అని చెప్పే అలారం. పైన వేసిన లెక్క నుంచే వస్తుంది: 102.5కి కాస్త పైన, 103. సెల్‌కి 1.87. ఇది మోగిన తర్వాత ఏ బ్రేకర్‌నీ క్లోజ్ చేసే ప్రయత్నం చేయకూడదని ఆపరేటర్లకి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. వరుసగా రెండు మూడు క్లోజింగ్‌లు, వాటి వెనకే స్ప్రింగ్ ఛార్జింగ్ మోటార్లు (బ్రేకర్ స్ప్రింగ్‌ని మళ్లీ బిగించేవి) లాగే కరెంటు, ఉన్న కొద్దిపాటి శక్తినీ తినేస్తాయి. ఆ మిగిలింది ట్రిప్‌కి దాచుకోవాలి.

ఇక్కడ కొందరు అడుగుతారు, అంత తక్కువకి పోతే బ్యాటరీ పాడవుతుంది కదా, ఆటోమేటిక్‌గా లోడ్ తెంపేసే కాంటాక్టర్ పెడదామా అని. టెలికాం టవర్లలో 48 వోల్టుల బ్యాటరీకి అలా పెడతారు, అక్కడ అది న్యాయమే. సబ్‌స్టేషన్ ప్రొటెక్షన్ డీసీకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. బ్యాటరీ పోతే కొత్త సెల్స్ కొనుక్కోవచ్చు. డీసీ తెగి ఉన్నప్పుడు ఫాల్ట్ వచ్చి బ్రేకర్ తెరుచుకోకపోతే ట్రాన్స్‌ఫార్మర్, స్విచ్‌గేర్, కొన్నిసార్లు పక్కన ఉన్న మనిషి. ఎమర్జెన్సీ లైట్లలాంటివి ఈ డీసీ మీదే ఉంటే వాటిని మాత్రం విడిగా కాంటాక్టర్ మీద వేసి, రెండో అలారం దగ్గరే తెంపేయండి.

హై వైపు పని కొంచెం తేలిక. చలి రాత్రుల్లో గది 17 డిగ్రీలకి దిగితే కాంపెన్సేషన్ ఫ్లోట్‌ని 125.4కి ఎత్తుతుంది. రెగ్యులేషన్ ఒక శాతం కలిపితే 126.7. మీరు అనుకున్న 125 ఇందుకే చాలదు. వీఆర్‌ఎల్‌ఏ బూస్ట్ (ఖర్చయిన బ్యాటరీని త్వరగా నింపే ఛార్జింగ్) సెల్‌కి 2.30 చొప్పున 126.5 ఉంటుంది. దాని మీద కాంపెన్సేషన్ ఇంకా ఎక్కించకుండా ఛార్జర్‌లో గరిష్ఠ పరిమితి 127 పెట్టండి, చాలా కంట్రోలర్లలో ఈ సదుపాయం ఉంటుంది. ఆ తర్వాత హై అలారం 128, ఛార్జర్‌ని ఆపేసే హై షట్‌డౌన్ 132 పెట్టండి. 132 అంటే సెల్‌కి 2.40. అంతకు మించి కొనసాగితే వీఆర్‌ఎల్‌ఏ సెల్ వాల్వు తెరుచుకుని గ్యాస్ వదులుతుంది. లోపలి తేమ పోతే తిరిగి పోయడానికి దారి లేదు.

రెండు ఛార్జర్లు ఒకే బస్ మీద ఉన్నాయి కాబట్టి హై షట్‌డౌన్ విషయంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. ఒక ఛార్జర్ చెడిపోయి వోల్టేజీ పెంచేస్తే బస్ వోల్టేజీ రెండింటికీ ఒకటే, కాబట్టి మంచిది కూడా తనే ఎక్కువ ఇస్తున్నానేమో అనుకుని ఆగిపోతుంది. రెండూ ఆగాక లోడ్ బ్యాటరీ మీద పడుతుంది. దీనికి విరుగుడు సెలెక్టివ్ షట్‌డౌన్: వోల్టేజీ ఎక్కువగా ఉండి, అదే సమయంలో తాను కరెంటు ఇస్తున్న ఛార్జర్ మాత్రమే ఆగాలి. బస్ పైకి పోయినప్పుడు మంచి ఛార్జర్ కరెంటు సున్నాకి వస్తుంది కనుక అది బతికిపోతుంది. మీ మాన్యువల్‌లో ఈ ఆప్షన్ ఉందో చూసి ఆన్ చేయండి.

డ్రాపర్ సంగతి. మీ దగ్గర బ్యాటరీ వైపు 123.8, డయోడ్లు దాటాక లోడ్ వైపు 120.8 దాకా ఉండాలి. ఆ డయోడ్లు పెట్టడానికి కారణం పైన చెప్పిన 110 శాతం హద్దే, అంటే 121. కాయిల్స్ క్షణకాలం కరెంటు తీసుకుంటాయి కాబట్టి వాటికి రెండు మూడు వోల్టులు ఎక్కువైనా పెద్దగా తేడా రాదు. కానీ ఎప్పుడూ ఎనర్జైజ్ అయి ఉండే ఆక్సిలరీ రిలేలు, ఇండికేషన్ దీపాలు ఏడాది పొడవునా ఆ వేడిని మోస్తాయి. 110కి బదులు 123.8 ఇస్తే వాటిలో పుట్టే వేడి పాతిక శాతానికి పైగా పెరుగుతుంది. ఏసీ పోయినప్పుడు డ్రాపర్‌ని బైపాస్ చేసే కాంటాక్టర్ పడాలి, లేకపోతే చివరిదాకా ఆ 3 వోల్టులు దండగ. దాన్ని లోడ్ బస్ వోల్టేజీ మీద 112 దగ్గర పడేట్టు పెట్టి, పడిందని చెప్పే కాంటాక్టుని కూడా అనన్సియేటర్‌కి (అలారాలు చూపే ప్యానెల్‌కి) తీసుకెళ్లండి. నేను పైన చెప్పిన అలారం అంకెలన్నీ బ్యాటరీ టెర్మినల్స్ దగ్గరివి. మీ సెన్సింగ్ వైరు ఛార్జర్ అవుట్‌పుట్ నుంచి వస్తోందా, బ్యాటరీ నుంచా, డ్రాపర్ తర్వాతనా అన్నది వైరు పట్టుకుని వెతికి తేల్చుకోండి. డ్రాయింగ్‌ని నమ్మి వదిలేయకండి.

అంకెలు సరిగ్గా పెట్టినా అలారం తప్పుదారి పట్టే చోటు ఇంకొకటి ఉంది, హిస్టెరిసిస్, అంటే అలారం మోగే వోల్టేజీకీ ఆగే వోల్టేజీకీ మధ్య తేడా. కొన్ని ఛార్జర్లలో అది ఫ్యాక్టరీ నుంచి 5 శాతం వస్తుంది. 117 దగ్గర మోగిన లో అలారం 122.8 దాటితేనే ఆగుతుంది. వేసవిలో మీ ఫ్లోట్ 121 కూడా ఉండదు, అలారం ఇక ఎప్పటికీ పోదు. హై వైపు కూడా అంతే: 128 దగ్గర ఒకసారి మోగితే 121.6కి దిగితేనే రీసెట్. మీ మామూలు ఫ్లోటే 123.8. కాబట్టి రీసెట్ తేడా ఒకటిన్నర వోల్టుకి తగ్గించండి: లో 118.5 దగ్గర, హై 126.5 దగ్గర క్లియర్ అవ్వాలి.

ఆలస్యం ఎంత పెట్టాలన్నది బ్రేకర్ స్ప్రింగ్ మోటారు చెబుతుంది. అది కొన్ని సెకన్లు, కొన్నిట్లో పదిహేను సెకన్ల దాకా తిరుగుతుంది, ఆ సేపు వోల్టేజీ కాస్త కుంగుతుంది. లో అలారాలకి 30 సెకన్లు, హై అలారానికి కూడా 30, హై షట్‌డౌన్‌కి మాత్రం 3 నుంచి 5 సెకన్లు చాలు. ఒక విషయం షిఫ్టువాళ్లకి ముందే చెప్పండి. పెద్ద కరెంటు కోత తర్వాత ఛార్జర్ తిరిగి వచ్చినప్పుడు అది కరెంటు లిమిట్‌లో కొంతసేపు నడుస్తుంది, వోల్టేజీ మెల్లగా ఎక్కుతుంది. ఆ గంటల్లో 117 అలారం అలాగే ఉంటుంది. అది లోపం కాదు, బ్యాటరీ ఇంకా నిండలేదని నిజమే చెబుతోంది.

సెట్ చేసేది ప్యానెల్ మీటరు చూసి కాదు. 0–150 వోల్టుల 1.5 క్లాస్ ముల్లు మీటరు ఎటు చూసినా 2.25 వోల్టులు తప్పు చూపొచ్చు, మనం ఇక్కడ ఒకటిన్నర వోల్టుల కోసం పోరాడుతున్నాం. కాలిబ్రేషన్ గడువు దాటని మల్టీమీటరు బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టండి.

ఇప్పుడు ఈ మొత్తం వ్యవహారంలో నేను అందరికన్నా ఎక్కువ పట్టుబట్టే విషయం. ఏ వోల్టేజీ అలారమూ బ్యాటరీ సర్క్యూట్‌లో ఉందో లేదో చెప్పలేదు. బ్యాటరీ ఫ్యూజ్ పోయిందనుకోండి, లేదా సెల్స్ మధ్య లింకు తుప్పు పట్టి విడిపోయిందనుకోండి. ఛార్జర్ ఒక్కటే 8 ఆంపియర్లు ఇస్తూ బస్‌ని 123.8 దగ్గర చక్కగా నిలబెడుతుంది. లో అలారం రాదు, హై అలారం రాదు, మీటరు బాగుంది, లాగ్ షీట్ బాగుంది. తర్వాత 33 కేవీ వైపు ఎక్కడో షార్ట్ వస్తుంది. ఆ షార్ట్ వల్లే ఏసీ వోల్టేజీ కుప్పకూలుతుంది, ఏసీ పోవడంతో ఛార్జర్ పోతుంది, సరిగ్గా బ్రేకర్ ట్రిప్ అవ్వాల్సిన ఆ క్షణంలో డీసీ ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయిన ప్రమాదాల్లో వెనక్కి వెళ్లి చూస్తే ఈ వరుస కనిపించే సందర్భాలు ఉంటాయి. అలాగే ఒక సెల్ లోపల షార్టయినా మొత్తం వోల్టేజీ మారదు. ఛార్జర్ అదే 123.8ని 54 సెల్స్ మీద పంచుతుంది, ఒక్కోటి 2.29కి ఎక్కి వేడెక్కుతుంది. మీ 55 సెల్స్ అలారం దృష్టిలో అంతా క్షేమం.

అందుకే వోల్టేజీ అలారాలతో పాటు కనీసం మూడు ఉండాలి. బ్యాటరీ ఫ్యూజ్‌కి ట్రిప్ ఇండికేటర్ కాంటాక్టు. మిడ్‌పాయింట్ వోల్టేజీ పోలిక: మీకు 55 బేసి సంఖ్య కాబట్టి 27, 28 సెల్స్ నిష్పత్తిలో పెట్టాలి, సగం సగం అనుకుంటే ఎప్పుడూ తేడా చూపుతుంది. మూడోది నెలకి ఒకసారి చేతితో చేసే పరీక్ష. రెండు ఛార్జర్ల ఫ్లోట్‌నీ కలిపి మెల్లగా 108కి దించండి, ఆపకండి. బ్యాటరీ సర్క్యూట్‌లో ఉంటే లోడ్ తను ఎత్తుకుంటుంది, బస్ 115 ప్రాంతంలో నిలబడుతుంది, బ్యాటరీ ఆమ్మీటరు డిశ్చార్జ్ వైపు 8 చూపుతుంది. బ్యాటరీ లేకపోతే బస్ నేరుగా మీరు తిప్పినంత దిగి 108 దగ్గర ఛార్జర్ పట్టుకుంటుంది. లోడ్‌కి ఏమీ కాదు, మీకు నిజం తెలుస్తుంది. పది, పదిహేను నిమిషాలు చాలు. ఇందులో ఇంకో లాభం, 117 అలారం నిజమైన పరిస్థితిలో మోగిందో లేదో కూడా ఇక్కడే తేలుతుంది.

హూటర్ వైరింగ్ గురించి రెండు మాటలు. అలారం రిలే మామూలుగా ఎనర్జైజ్ అయి ఉండి, పడిపోయినప్పుడు అలారం ఇచ్చేట్టు కాంటాక్టు తీసుకోండి. అలా అయితే కార్డు చచ్చినా, దాని సప్లై పోయినా అలారం వస్తుంది. అనన్సియేటర్ కూడా ఇదే డీసీ మీద నడుస్తుంటే డీసీ మొత్తం పోయిన రోజు అదీ మూగబోతుంది. "డీసీ ఫెయిల్" గంటని ఏసీ మీద, "ఏసీ ఫెయిల్" గంటని డీసీ మీద పెట్టడం మన సబ్‌స్టేషన్లలో పాత పద్ధతి, ఇప్పటికీ అంతకన్నా మంచిది లేదు. స్కాడాకి (కంట్రోల్ రూమ్ నుంచి గమనించే కంప్యూటర్ వ్యవస్థకి) పంపేటప్పుడు అన్నిటినీ కలిపి "ఛార్జర్ ట్రబుల్" అని ఒకే సిగ్నల్ పంపకండి. 117కీ 103కీ మధ్య తేడా కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికి తెలియాలి.

ఇక ప్లాంటు నడుస్తుండగా ఎలా చేయాలో. ఛార్జర్ వోల్టేజీ మార్చే పాట్ (నాబ్) తిప్పి బస్ వోల్టేజీ దించుతూ లో అలారాలన్నీ చూద్దామనుకుంటే, పైన చెప్పినట్టు బ్యాటరీ 115 దగ్గర నిలబెట్టేస్తుంది, 107, 103 చూడలేరు. హై చూడటానికి బస్‌ని 132కి ఎత్తడం అసలు వద్దు, దాని మీద మీ రిలేలన్నీ ఉన్నాయి. సరైన పద్ధతి: ఒక ఛార్జర్‌ని ఆపి, ఏసీ, డీసీ రెండు వైపులా ఐసోలేట్ చేయండి. లోడ్, బ్యాటరీ రెండో ఛార్జర్ మీద ఉంటాయి. ఆపిన ఛార్జర్‌లో అలారం కార్డు సెన్సింగ్ టెర్మినల్స్‌కి వైర్లు విప్పి, మార్చగలిగే డీసీ సప్లై నుంచి వోల్టేజీ ఇచ్చి, కార్డుకి కంట్రోల్ సప్లై విడిగా ఇచ్చి, ఒక్కో అంకె దగ్గర ఎత్తుతూ దించుతూ సెట్ చేయండి.

ముందు చెప్పిన జాగ్రత్త ఇదే: నడుస్తున్న ఛార్జర్‌లో సెన్సింగ్ వైరు ఎప్పుడూ విప్పకండి. చాలా డిజైన్లలో అలారానికీ రెగ్యులేటర్‌కీ ఫీడ్‌బ్యాక్ అదే వైరు మీద వస్తుంది. అది తెగితే ఛార్జర్ తన అవుట్‌పుట్ సున్నా అనుకుని గేట్లు పూర్తిగా తెరిచేస్తుంది. బస్ క్షణాల్లో ఎక్కడికో పోతుంది, ఆపాల్సిన హై షట్‌డౌన్ కూడా అదే తెగిన వైరు చూస్తూ ఊరుకుంటుంది. ఒక ఛార్జర్ పూర్తయ్యాక దాన్ని బస్ మీదకి తెచ్చి, ఒక గంట నిలకడగా నడిచాక రెండోది మొదలుపెట్టండి.

ఈ చర్చ చూసే మిగతావాళ్లకి: ఈ వోల్టులు మీ బ్యాటరీకి నేరుగా వాడకండి. సెల్ లెక్కలే తీసుకోండి. నీళ్లు పోసే మామూలు లెడ్ యాసిడ్ సెల్స్ ఫ్లోట్ 2.15 నుంచి 2.20 మధ్య, ఊరికే ఉన్నప్పుడు సెల్‌కి 2.05 చుట్టూ ఉంటాయి. కాబట్టి వాటికి మొదటి లో అలారం 2.10 దగ్గర పెట్టొచ్చు, 55 సెల్స్‌కి 115.5. వాటి బూస్ట్ 2.7 దాకా పోతుంది గనుక ఫ్లోట్‌కి ఒక హై అలారం, బూస్ట్‌కి ఇంకో హై అలారం ఉండే ఛార్జర్ తప్పనిసరి. నికెల్ కాడ్మియం అయితే సెల్‌కి 1.40 దగ్గర ఫ్లోట్, లెక్క పూర్తిగా వేరు. 24 వోల్టులకి 12 సెల్స్, 220కి సాధారణంగా 110 వరకు సెల్స్, గుణించుకోవడమే.

మీ ఛార్జర్‌లో లో అలారం ఒక్కటే పెట్టే వీలుంటే 117 ఎంచుకోండి. 107, 103లని డీసీ వోల్టేజీ కొలిచే న్యూమరికల్ రిలే (మైక్రోప్రాసెసర్‌తో నడిచే ప్రొటెక్షన్ రిలే) ఏదైనా ఉంటే అందులో పెట్టండి, చాలా వాటిలో ఆ సదుపాయం వాడకుండా పడి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం గది ఎన్ని డిగ్రీలు, ఫ్లోట్ ఎంత చూపింది, జనవరి తెల్లవారుజామున ఎంత చూపింది అన్నవి ఒక ఏడాది రాసి ఇక్కడ పెట్టండి. 117ని ఒక వోల్టు పైకి జరపొచ్చో లేదో అప్పుడు కలిసి చూద్దాం.